ఓడమీది కొసరు



సంతలో కూరగాయలు కొన్నప్పుడు తూనిక ముగిసిన పిమ్మట మనము చేయి చాచి కొసరు అడుగుదుము. అమ్మునామె రెండు మిరపకాయలో, గుప్పెడు కొత్తిమీరయో సంచిలో వేయును. ఆ కొసరు మనకు మిక్కిలి ఇంపుగా నుండును. "అసలుకంటె కొసరు ముద్దు" అని మనలో సామెతయే కలదు. అయితే కొసరు వేసిన కారణమున ఆమె నష్టపడి యింటికి పోయినట్లు మన మెన్నడును వినలేదు. కొసరు వెల తూనికలోనే యిమిడి యుండును. ఈ చిన్న సంగతిని మనస్సునం దుంచుకొని, నేను చెప్పబోవు పెద్ద యోడ సంగతి వినవలెనని కోరుచున్నాను.

కొంతకాలము క్రిందట మా యూరి రచ్చబండమీద ఒక ప్రశ్న పుట్టినది. మా గ్రామమున నలువది యేండ్లు సేద్యము చేసి, సహకార సంఘమునకు చాలకాలము లెక్కలు వ్రాసిన పెద్దలొకరు కలరు. వారి మనుమడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. ఒకనాటి సాయంకాలము ఆ పెద్దలు సంతోషముతో, "మావాడు ఈ యేట మూడుసార్లు సముద్రయానము చేసినాడు. ఓడవారే యుత్తరము వ్రాసి పిలిచి, గది యిచ్చి, భోజనము పెట్టి, ఉచితముగా త్రిప్పి తెచ్చిరట" అని చెప్పిరి. విన్నవారందఱు ఆశ్చర్యపడిరి. వారిలో నొక ముసలి రైతు మాత్రము చుట్ట నార్పి, "ఊరక యెక్కించుకొని అన్నము పెట్టు నోడవాడు తానేమి తిని బ్రతుకును?" అని యడిగెను. అప్పుడు దానికి ఎవరును సమాధానము చెప్పలేకపోయితిమి. నేటి నా ప్రసంగము ఆ ప్రశ్నకు సమాధానము.

ముందుగా ఈ యోడ లెట్టివో తెలిసికొనవలెను. ఇవి సరకులను మోయునవి కావు. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు జనులను చేర్చునవియు కావు. విహారమునకై బయలుదేరి, నాలుగైదు దినములో, వారమో సముద్రముమీద తిరిగి, రెండు మూడు రేవులలో నాగి, బయలుదేరిన రేవునకే మరల వచ్చును. వీనిని క్రూజు నౌకలందురు. టెక్సాసునందలి గాల్వెస్టన్ రేవునుండి మెక్సికో దేశపు కోజుమెల్ దీవికి పోయి వచ్చునవి అట్టివి. ఆ ప్రాంతమున కాపురమున్న మన తెలుగువారు, సెలవులలో తల్లిదండ్రులు వచ్చినప్పుడు, వారిని ఈ నౌక లెక్కించుట నేడు సామాన్యమైనది. వీని పరిమాణము మన యూహకు అందదు. 2024 జనవరిలో మయామీ రేవునుండి తొలి యాత్రకు బయలుదేరిన "ఐకన్ ఆఫ్ ది సీస్" అను నౌక పొడవు సుమారు 1,200 అడుగులు. అందు 20 అంతస్తులు కలవు. నిండుగా నెక్కినచో 7,600 మంది యాత్రికులు పట్టుదురు. అది కదలిపోవు నొక పట్టణమని చెప్పవచ్చును.

ఇట్టి పట్టణములో భోజనశాలలు, నాటకశాలలు, ఈత కొలనులు ఉన్నట్లే జూదశాలయు నుండును. దానిని క్యాసినో యందురు. సాధారణముగా నౌక రేవులో నున్నంతవఱకు జూదశాల మూసియుండును; తీరము విడిచి సముద్రములోనికి పోయిన పిమ్మట తెఱతురు. ప్రతి దేశపు చట్టమునకును తీరమునుండి కొంతదూరము వఱకే అధికారము. ఆ హద్దు దాటినంతనే నేలమీద కూడని పని నీటిమీద కూడును. ఈ యుపాయము క్రొత్తది కాదు. 1938లో కాలిఫోర్నియా తీరమున శాంటా మోనికా పట్టణమునకు ఎదురుగా, మూడుమైళ్ల హద్దునకు ఆవల, టోనీ కార్నేరో యనువాడు "రెక్స్" అను నోడను లంగరువేసి నిలిపి జూదము నడపెను. ఒడ్డునుండి జనులను స్వల్పమైన కిరాయికి చిన్న పడవలలో చేరవేయుచుండెను. 1939లో ఆ రాష్ట్రపు ఎటార్నీ జనరలైన ఎర్ల్ వారెన్ దానిని మూయింప పోలీసులను పంపగా, ఓడవారు నీటిగొట్టములతో వారిపై నీరు చిమ్మి కొన్నిదినములు నిలువరించిరి. తుదకు ఓడిపోయిరి. ఆ వారెన్‌గారే పిమ్మట 1953లో అమెరికా దేశపు ప్రధాన న్యాయమూర్తి యైరి. పడవకిరాయి తగ్గించి జూదరిని ఓడకు రప్పించుకొనుట నాటి పద్ధతి. ఓడ కిరాయియే తీసివేసి రప్పించుకొనుట నేటి పద్ధతి. తక్కిన దంతయు ఒక్కటే.

నేటి పద్ధతికి మూలము విమానముల వ్యాపారములో నున్నది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అను కంపెనీవారు, తమ విమానములలో తఱచుగా ప్రయాణము చేయువారు పోయిన మైళ్లను పేరుపేరున లెక్కవ్రాసి, అవి కొంత మొత్తమైనప్పుడు ఒక ప్రయాణము ఉచితముగా నిచ్చు నేర్పాటు చేసిరి. బేరగాడు వేఱొక యంగడికి పోకుండ కట్టివేయుటకు ఇది మంచి త్రాడని తక్కిన వ్యాపారులు గ్రహించిరి. జూదశాలలవారు మఱింత త్వరగా గ్రహించిరి. 1997లో హారాస్ అను జూదశాలల కంపెనీవారు దేశమంతట నున్న తమ శాలలన్నిటికి ఒక్కటే ఖాతా యుండునట్లు ఏర్పాటు చేసిరి. నేడు పెద్ద నౌకా కంపెనీలకెల్ల ఇట్టి ఖాతాలు కలవు. రాయల్ కరీబియన్ వారిది "క్లబ్ రాయల్", కార్నివాల్ వారిది "ప్లేయర్స్ క్లబ్", నార్వీజియన్ వారిది "క్యాసినోస్ ఎట్ సీ".

ఇక ఈ ఖాతా నడచు విధము చెప్పెదను. ఓడ యెక్కిన ప్రతివానికిని ఒక చిన్న కార్డు ఇత్తురు. గది తలుపు తెఱచుటకు అదియే తాళపుచెవి; వస్తువులు కొనుటకు అదియే డబ్బు సంచి. జూదశాలలో స్లాటు యంత్రములని వరుసగా నుండును. బొమ్మలు తిరిగి నిలిచి, సరిపడినచో డబ్బు వచ్చును, లేనిచో పోవును. ఆ యంత్రములో ఈ కార్డు గ్రుచ్చి యాడవలెను. కార్డు గ్రుచ్చిన క్షణమునుండి, యెంత పందెము కట్టినదియు, ఎన్నిమారు లాడినదియు, ఎంతసేపు కూర్చుండినదియు యంత్రమే వ్రాసికొనును. కొంత పందెమునకు ఒక పాయింటు చొప్పున ఖాతాలో పడును. యాత్ర ముగియు సమయమునకు వచ్చిన పాయింట్లను బట్టి, మఱుసటి యాత్రకు ఉచితముగా గది యిచ్చునట్టి పత్రము నొకదానిని చేతికిత్తురు. అటుపిమ్మట ఇంటికి ఉత్తరములును వచ్చుచుండును.

లెక్కకొఱకు ఒక కంపెనీ నియమములనే చూతము. క్లబ్ రాయల్ వారు ఇటీవలి సంవత్సరములలో ప్రకటించిన నియమముల ప్రకారము, స్లాటు యంత్రములో 5 డాలర్ల పందెమునకు 1 పాయింటు వచ్చును. పేకాటను పోలిన వీడియో పోకర్ అను యంత్రములో 10 డాలర్ల పందెమునకు 1 పాయింటు. ఏప్రిల్ 1వ తేదీనుండి మఱుసటి మార్చి 31వ తేదీవఱకు ఒక సంవత్సరము. ఆ సంవత్సరములో 2,500 పాయింట్లు వచ్చినవాడు "ప్రైమ్" తరగతి, 25,000 వచ్చినవాడు "సిగ్నేచర్" తరగతి, 1,00,000 వచ్చినవాడు "మాస్టర్స్" తరగతి. ప్రైమ్ తరగతివానికి ఏడాది కొక యాత్రలో కిటికీ లేని లోపలి గదియు, జూదశాలలో నాడునప్పుడు ఉచిత పానీయములును లభించును. పై తరగతులవారికి సముద్రమును చూచు గదులు, మఱికొన్ని మర్యాదలు లభించును. సంవత్సరము ముగిసినంతనే లెక్క మరల సున్నతో మొదలగును. తరగతి నిలుపుకొనవలెనన్నచో మరల మొదటినుండి ఆడవలెను.

ఇప్పుడు మన సంతలోని తూనికను చూతము. 2,500 పాయింట్లకు, పాయింటునకు 5 డాలర్ల చొప్పున, 12,500 డాలర్ల పందెము కట్టవలెను. ఇంత సొమ్ము జేబులో వేసికొని ఎవరును ఓడ యెక్కరుగదా యని మీరు సందేహింపవచ్చును. అక్కఱలేదు. ఇదియే యిందలి మర్మము. ఒక గాదెలోని ధాన్యమును కుంచముతో కొలిచి రెండవ గాదెలో పోసి, మరల రెండవదానినుండి కొలిచి మొదటిదానిలో పోసి, ఇట్లు రాత్రియంతయు కొలుచుచు పోయినచో నేమగును? ఉన్న ధాన్యము పది పుట్లే యైనను కొలిచిన లెక్క నూఱు పుట్లు కావచ్చును. కాని ప్రతి కొలతకును కొన్ని గింజలు నేల రాలును. రాలిన గింజలు కొలుచువానివి యని ముందే యొప్పందము. యంత్రములో 100 డాలర్లు వేసినవానికి కొంత పోవును, కొంత తిరిగి వచ్చును. వచ్చినదానినే మరల పందెము కట్టును. అది యెన్నిసార్లు తిరిగిన అన్నిసార్లును పాయింట్ల లెక్కలో చేరును. అన్నిసార్లును గింజలు రాలును.

ఎన్ని గింజలు రాలునో యంత్రముమీద వ్రాసి యుండదు. లెక్కకొఱకు నూటికి ఎనిమిది యనుకొందము. అప్పుడు 12,500 డాలర్ల పందెమునకు సగటున రాలునది 1,000 డాలర్లు. నిమిషమునకు పదిసార్లు, సారికొక డాలరు చొప్పున ఆడినచో గంటకు 600 డాలర్ల పందెము నడచును. అనగా 12,500 పూర్తియగుటకు ఇరువదియొక్క గంట. వారము దినముల యాత్రలో ప్రతిరాత్రియు మూడేసి గంటలు కూర్చుండినచో సరిపోవును. సిగ్నేచర్ తరగతికి పందెము 1,25,000 డాలర్లు, సగటు నష్టము 10,000. మాస్టర్స్ తరగతికి పందెము 5,00,000 డాలర్లు, సగటు నష్టము 40,000. ఇది సగటు మాత్రమే. ఒకడు గెలిచి దిగవచ్చును. వేఱొకడు ఇంతకు రెట్టింపు పోగొట్టుకొనవచ్చును. కాని వేలమంది యాడినప్పుడు ఓడవాని లెక్క సగటునకే వచ్చి చేరును. వాని కొక్కనితో పనిలేదు, అందఱితోను పని.

ఈ సగటు మోసమువలన వచ్చునది కాదు. ఆట నియమములోనే యుండును. రూలెట్ అను చక్రపు ఆటను చూడుడు. అమెరికా పద్ధతిలో ఆ చక్రమునకు 38 గళ్లుండును. ఒక గడిమీద డాలరు పెట్టి గెలిచినవానికి 35 డాలర్లు ఇచ్చి, పెట్టిన డాలరును తిరిగి యిత్తురు; మొత్తము 36. ఇప్పుడొకడు 38 గళ్లమీదను ఒక్కొక్క డాలరు పెట్టినాడనుకొనుడు. వాడు ఓడుట కవకాశమే లేదు; గెలిచి తీరును. గెలిచి, 38 పెట్టి 36 తీసికొనును. ఎంత అదృష్టవంతుడైనను ఆ రెండు డాలర్లు దాటి పోలేడు. నూటికి ఐదుంబావు పైని ఓడవాని పాలు. బల్లలమీది యితర క్రీడలలోను ఇట్లే వారి పాలు నిర్ణీతమై యుండును. బల్లయొద్ద నిలిచిన యుద్యోగి మీరు సారికెంత పెట్టుచున్నారో, ఎంతసేపు కూర్చుండిరో గుఱుతు వేసికొనును. సారికి 25 డాలర్లు, గంటకు 60 ఆటలు, నాలుగు గంటలు అనినచో పందెము 6,000. వారి పాలు నూటికి రెండైనచో, 120 డాలర్లు మీవలన రావలసినదని వ్రాసికొందురు. ఆ రాత్రి మీరు గెలిచినను ఓడినను ఆ లెక్క మాఱదు. అందులోనుండియే కొంత భాగమును మీకు కొసరుగా నిత్తురు.

అట్లయినను వేయి డాలర్ల యాదాయమునకు అంతటి గదిని ఎట్లిత్తురని మీరడుగవచ్చును. ఇందులో నింకొక సూక్ష్మము కలదు. కదలిపోయిన బస్సులోని ఖాళీ స్థలమును మఱునాడు అమ్ముకొనలేము. ఓడగదియు నట్టిదే. ఎవరును కొననిచో ఆ వారమునకు దాని వెల సున్న. ఎట్లును ఓడ కదలవలెను, వంట వండవలెను, దీపములు వెలుగవలెను. కావున ఆ గదిని ఊరక నిచ్చినను ఓడవానికి పోవునది స్వల్పము. పుచ్చుకొనువానికి మాత్రము అది టిక్కెట్టు ధరతో సమానముగా గోచరించును. ఇచ్చువానికి చౌక, పుచ్చుకొనువానికి విలువ; వర్తకమునందు ఇంతకు మించిన కొసరు లేదు. దీనికి తోడు ఉచితమన్నది గదివఱకే. రేవు రుసుములు, పన్నులు, సేవకులకిచ్చు బహుమానము సాధారణముగా యాత్రికుడే కట్టుకొనవలెను. రేవువఱకు ప్రయాణపు ఖర్చు వానిదే. ఎక్కిన పిమ్మట కొనునవియు వానివే. పత్రమునకు గడువుండును, చెప్పిన నౌకలలో, చెప్పిన కాలములో పోవలెను. ఉచితయాత్రకు పోయి జూదశాల గడప త్రొక్కనివానికి పిలుపులు క్రమముగా తగ్గి నిలిచిపోవును. అనగా ఆ యాత్ర గడచిన ఆటకు బహుమానము కాదు. రాబోవు ఆటకు బయానా.

ఇంత తేటయైన లెక్క తెలిసియు చదువుకొన్నవారే యేల పోవుదురు? స్కిన్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పావురములతో పరీక్షలు చేసెను. ఒక బిళ్లను ముక్కుతో పొడిచినచో గింజ పడునట్లు ఏర్పఱచెను. పొడిచిన ప్రతిసారియు గింజ పడినచో, గింజలు నిలిచిన కొంతసేపటికే పక్షియు మానుకొనెను. ఎప్పుడు పడునో తెలియకుండ, ఒకప్పుడు మూడవ పోటుకు, ఒకప్పుడు ముప్పదవ పోటుకు పడునట్లు చేసినప్పుడు మాత్రము పక్షి విరామము లేక పొడుచుచునే యుండెను. గింజలు పూర్తిగా నిలిపివేసినను చాలసేపటివఱకు మానలేదు. స్లాటు యంత్రము ఆ బిళ్లయే. దానిపైని పాయింట్ల ఖాతా మఱియొక తాడు. గింజ పడకపోయినను పాయింటు పడుచునే యుండును గనుక, ఓడిపోవువానికి తానేదో కూడబెట్టుచున్నట్లు తోచును. "ఇంక రెండువందల పాయింట్లే కావలెను, అప్పుడు గది వచ్చును" అని కూర్చుండును. ఆ రెండువందల పాయింట్లకు వేయి డాలర్ల పందెము.

పావురములు మనకు పరాయివి. మన కథయే యొకటి యున్నది. ధర్మరాజు మొదటి జూదములో సమస్తమును ఓడెను. ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరము లిచ్చి, ఓడినదంతయు తిరిగి యిచ్చి పంపెను. కథ అక్కడ ముగిసిన బాగుండెడిది. కాని దారిలోనే రెండవ పిలుపు వచ్చినది. ఏమి జరుగునో యెఱిగియు ధర్మరాజు వెనుకకు తిరిగెను. పండ్రెండేండ్ల వనవాసము, ఒక యేటి యజ్ఞాతవాసము ఆ రెండవ పిలుపువలన వచ్చినవే. మొదటిసారి యాడుట పొరపాటు కావచ్చును, వేడుకయు కావచ్చును. మనుష్యుని చెఱచునది రెండవ పిలుపు. ఓడవారు చేతికిచ్చు నుచితపత్రము ఆ రెండవ పిలుపే.

అయితే న్యాయముగా చెప్పవలసిన దొకటి కలదు. ఈ యేర్పాటువలన నిజముగా లాభపడువారును లేకపోలేదు. ఒకడు ఎట్లును ఆ యాత్రకు పోదలచినవాడు. వేడుకకై ఇన్ని డాలర్లు ఖర్చుపెట్టెదనని ముందే నిర్ణయించి, అవి యయిపోయినంతనే లేచిపోవువాడు. కార్డు గ్రుచ్చి యాడి, జనము తక్కువగా నుండు కాలమున వచ్చిన గదిని స్వీకరించువాడు. వాడు మూడునాలుగు వందలు ఖర్చుపెట్టి అంతకు మించిన విలువగల గదిని పొందవచ్చును. వానికిది తిరునాళ్లలో రంగులరాట్నమునకు పెట్టిన డబ్బువంటిది. వాని కొసరు వానికి ముద్దే. వానికిని పాయింట్లకొఱకు ఆడువానికిని భేదము ఒక్కటే: మొదటివాడు తన లెక్కను తాను వ్రాసికొనును, రెండవవాని లెక్కను ఓడవాడు వ్రాయును.

ఇది యంతయు అమెరికా సంగతి, మనకేల యని తలపవలదు. మన రెండు రాష్ట్రములలోను 1974 నాటి చట్టము ప్రకారము జూదగృహములు నడపుట నేరము. కాని గోవాలో 1976 నాటి చట్టమును 1990లనాటి సవరణలతో మార్చి, ఓడలమీద జూదమునకు అనుమతి నిచ్చిరి. పణజీ పట్టణమున మాండవీ నదిలో అట్టి యోడలు నిలిచియున్నవి. మన ప్రాంతములనుండి అక్కడికి పోవు యువకులు మీ యెఱుకలోనే యుందురు. 2022 జూన్‌లో "ఎంప్రెస్" అను విహారనౌక విశాఖపట్టణపు రేవునకు వచ్చి యాత్రికుల నెక్కించుకొని పోయినది. అది మునుపు రాయల్ కరీబియన్ వారి నౌకయే. అందును జూదశాల కలదు. కావున ఉచితపు పిలుపు మన గుమ్మమునకును రాగలదు.

ఇప్పుడు రచ్చబండయొద్దకు మరల వత్తము. ముసలి రైతు ప్రశ్న ఆ పెద్దలకు మనస్సులో ముల్లువలె నాటుకొన్నది. సంక్రాంతికి మనుమడు వచ్చినప్పుడు వారు కోపపడలేదు, నీతులు చెప్పలేదు. "నాయనా, వారు నీకిచ్చినది చెప్పితివి, సంతోషము. నీవు వారికిచ్చినది ఎంత? చిట్టా యున్నదా?" అని మాత్రమే యడిగిరి. మనుమడు నవ్వి, "పెద్దగా ఏమియు లేదు తాతయ్యా, వేయి డాలర్లకు లోపే యుండును" అనెను. "ఉండును అనునది లెక్క కాదు" అని తాతగారు అనిరి. కోరినవారికి సంవత్సరపు గెలుపోటముల పట్టికను ఓడ కంపెనీవారే పంపుదురు. మనుమడు దానిని తెప్పించెను. అందు ఆ యేటి నికర నష్టము 3,860 డాలర్లని యుండెను. మూడు యాత్రలకు అట్టి గదులు సొమ్ము పెట్టి కొనియుండినచో నెంతయగునో వారిద్దరు కూర్చుండి లెక్కించిరి. 2,600 డాలర్లు వచ్చినది. ఉచితయాత్ర టిక్కెట్టుకంటె 1,260 డాలర్లు ఎక్కువ పడినది! పన్నులు, బహుమానములు వేఱు. పోయినది మన రూపాయలలో మూడు లక్షలకు పైమాట. ఆ పెద్దల కుటుంబమున ఎకరము మాగాణికి కొన్ని యేండ్లకు వచ్చు కౌలది.

మనుమడు చాలసేపు మాటలాడలేదట. పిమ్మట, "తాతయ్యా, గెలిచిన రాత్రులన్నియు నాకు జ్ఞాపకమున్నవి. ఓడిన రాత్రులు వారి పుస్తకములోనే యున్నవి" అనెను. అతడు చెడ్డవాడు కాడు. తెలివిలేనివాడు అంతకంటెను కాడు. లెక్కల యుద్యోగమే చేయుచున్నాడు. పరదేశమున ఒంటరితనము, చేతినిండ జీతము, పేరుపెట్టి పిలిచి మర్యాద చేయువారు; ఇవి మూడును కూడినచోట ఎంతవాడైనను మెత్తబడును. ఆ మఱుసటి యేడు తల్లిదండ్రులు అమెరికా పోయినప్పుడు అతడు టిక్కెట్లు కొని వారిని వెంటబెట్టుకొని అదే సముద్రయానమునకు పోయెను. రాత్రులు పైయంతస్తున కూర్చుండి నక్షత్రములను చూచితిమని ఆ తల్లి మా యింటివారితో చెప్పినది. అంతకుముందు మూడుసార్లు పోయినను అతడు రాత్రిపూట సముద్రమును చూడలేదట.

పెద్దలారా! మీ పిల్లలు దూరదేశములలో నుందురు. వారు మీకు ఫోనులో శుభవార్తలే చెప్పుదురు. ఉచితయాత్ర వచ్చినదని చెప్పినప్పుడు అడ్డుపుల్ల వేయవలదు, తిట్టవలదు. తిట్టినచో మఱుసటిసారి చెప్పుట మానుదురు. నిదానముగా మూడు ప్రశ్న లడుగుడు. ఈ యేట వారికి నీవిచ్చిన దెంత? ఆ లెక్క నీవు వ్రాసితివా, వారు వ్రాసిరా? పిలుపు రాకుండినచో నీవై ఆ యాత్రకు పోయియుందువా? ఈ మూడింటికి తడుముకొనక బదులు చెప్పగలవాడు సుఖముగా పోయి రావచ్చును. తడుముకొనువాడు ముందు పట్టిక తెప్పించుకొనవలెను. మానుకొనదలచియు మానలేనివాడు, తన్ను లోనికి రానీయవలదని తానే వ్రాసి యిచ్చు పద్ధతి అనేక జూదశాలలలో కలదు. దానికి సిగ్గుపడ పనిలేదు.

ముసలి రైతు ప్రశ్నకు సమాధానము చెప్పి ముగించెదను. ఊరక యెక్కించుకొని అన్నము పెట్టు నోడవాడు ఏమి తిని బ్రతుకును? మనము వ్రాసికొనని లెక్కను తిని బ్రతుకును. కొసరు తీసికొనుట తప్పు కాదు. తూనిక చూడక తీసికొనుట తప్పు.